ట్యాగా, కార్డా? చిప్‌బోర్డు అతికించే ముందు తేల్చుకోవలసిన సంగతులు

నా బల్ల మీద ఇప్పుడు ఒక చిప్‌బోర్డు తాళంచెవి ఉంది. బొటనవేలంత పొడవు, మిల్లీమీటరున్నర మందం. నల్లరంగు వేసి పైన రాగిమెరుపు మైనం రుద్దాను కాబట్టి ఎవరో పాత ఇనప్పెట్టెలోంచి తీసి పెట్టినట్టుంది. దీన్ని ట్యాగు మీద పెట్టాలా, కార్డు మీద పెట్టాలా అన్నది చూడడానికి చిన్న ప్రశ్నే. కానీ కింద వాడే కాగితం, జిగురు, పైపూత, ఆరబెట్టే సమయం అన్నీ ఆ జవాబును బట్టే మారిపోతాయి. చాలామంది ఉత్సాహంగా అలంకరణ మొదలుపెట్టి, అంతా అయ్యాక కవరు తీసి పడుతుందో లేదో చూసుకుంటారు. ముందు చూసుకోవలసింది అదే. తయారయ్యే వస్తువు ఎలా ప్రయాణిస్తుంది, ఎవరి చేతుల్లో ఎలా ఉంటుంది అని ఆలోచిస్తే ఎంత మందం పనికొస్తుందో తెలుస్తుంది. మందం తేలితే మిగతా ఎంపికల్లో సగం వాటంతటవే తేలిపోతాయి.

పేరు గురించి ఒక మాట. వడ్రంగి పనిలో చెక్కపొట్టును జిగురుతో కలిపి నొక్కి చేసే పలకను కూడా చిప్‌బోర్డు అంటారు. మనం వాడేది అది కాదు. మనది కాగితపు గుజ్జుతో, ఎక్కువగా పాత కాగితాన్ని మళ్ళీ నానబెట్టి చేసిన గుజ్జుతో తయారైన అట్ట. రాసుకునే ప్యాడ్ వెనుక ఉండే బూడిదరంగు అట్ట దీనికి దగ్గరి చుట్టం.

ట్యాగు ఏం మోస్తుంది, కార్డు ఏం మోస్తుంది

ట్యాగు అంటే ఒకే పొర. పైన రెండు మూలలు ఏటవాలుగా తెగి ఉంటాయి, మధ్యలో ఒక రంధ్రం, దానికి దారమో రిబ్బనో. సరుకుల మూటలకు చిరునామా కట్టడానికి పుట్టిన వస్తువు ఇది. రంధ్రం దగ్గర చిరగకుండా రెండువైపులా చిన్న గుండ్రటి కాగితపు బిళ్ళ అంటించే పద్ధతికి అమెరికాలో ఎలిఫలెట్ డెనిసన్ 1863లో పేటెంటు తీసుకున్నాడు. ట్యాగు మొత్తంలో నేను ఎక్కువగా గౌరవించే భాగం ఆ బిళ్ళే. చిప్‌బోర్డు, గుండీలు, లేసు చేరి బరువెక్కిన ట్యాగును వేలాడదీస్తే భారమంతా పడేది ఆ ఒక్క రంధ్రం మీదే. అందుకే ఇంట్లో కత్తిరించుకున్న ట్యాగుకు కూడా బిళ్ళ అంటించండి, లేదంటే లోహపు ఐలెట్, అంటే రంధ్రం అంచును పట్టి ఉంచే చిన్న ఉంగరం, బిగించండి.

సరుకుల ట్యాగులకు నంబర్లు ఉంటాయి. 5వ నంబరు 2⅜ అంగుళాల వెడల్పు, 4¾ అంగుళాల పొడవు. 8వ నంబరు 3⅛ అంగుళాల వెడల్పు, 6¼ అంగుళాల పొడవు. రెండింటిలోనూ పొడవు వెడల్పుకు సరిగ్గా రెట్టింపు. ఆ నిలువు ఆకారంలో ఒక పెద్ద చిప్‌బోర్డు బొమ్మ, దాని కింద ఒక మాట, పైన రిబ్బను ఇట్టే కుదిరిపోతాయి. మిక్స్‌డ్ మీడియాకు, అంటే రంగు, పేస్ట్, కాగితం, గుడ్డ లాంటివి కలిపి చేసే పనికి, నేను 8వ నంబరు కొలతే వాడతాను. దానికంటే చిన్నదైతే స్టెన్సిల్ నమూనాలో ఒక మూల మాత్రమే పడుతుంది, కన్నుకు ఆనదు.

ట్యాగుకు మడత లేదు, కవరులో తప్పనిసరిగా దూరవలసిన పని లేదు, నిలబడవలసిన పని అసలే లేదు. అందుకే అది అన్నింటినీ భరిస్తుంది. తడి రంగు, మందపాటి టెక్స్చర్ పేస్ట్ (ఆరాక ఉబ్బెత్తుగా నిలిచే ముద్ద), గుడ్డ పీలికలు, లోహపు ముక్కలు ఏవైనా వేయవచ్చు. లోటు ఒక్కటే, రాయడానికి మిగిలేది వెనుకవైపు మాత్రమే. పొడుగాటి సందేశం రాయాలనుకునేవారికి అది సరిపోదు.

కార్డు సంగతి వేరు. దానికి మడత ఉంది, లోపల రాసే చోటు ఉంది, బయట కవరు ఉంది. ఈ మూడూ మందానికి హద్దులు గీస్తాయి. ఎ4 కాగితాన్ని సగానికి కోసి ఆ సగాన్ని మడిస్తే 105 × 148 మి.మీ. ఎ6 కార్డు వస్తుంది. దానికి జత అయిన సి6 కవరు 114 × 162 మి.మీ. అంటే అడ్డంగా 9 మి.మీ., పొడవునా 14 మి.మీ. వెసులుబాటు. చదునైన కార్డుకు అది ధారాళం. కార్డు ఉబ్బెత్తుగా ఉంటే కవరు రెండు ముఖాలూ దూరంగా జరుగుతాయి, ఆ జరిగిన మేరా పక్కల వెసులుబాటు తరిగిపోతుంది. కొలత ప్రకారం పట్టవలసిన కార్డు మూలల దగ్గర నలగడానికి కారణం ఇదే.

ఒకసారి పొరలు లెక్కపెట్టి చూడండి. 300 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు 300 గ్రాములు) కార్డ్‌స్టాక్ ఒక పొర ఇంచుమించు 0.4 మి.మీ. మడత కాబట్టి 0.8. పైన రంగులద్దిన ప్యానెల్, అంటే విడిగా కోసి అంటించే కాగితం, 0.5. దాని కింద ఎత్తు కోసం పెట్టే స్పాంజి లాంటి ఫోమ్ టేపు 2. ఆపైన చిప్‌బోర్డు 1.5. టెక్స్చర్ పేస్ట్ మరో 1. మొత్తం 5.8 మి.మీ. అందులో ఫోమ్ టేపు తీసేసి, చిప్‌బోర్డు 0.8 మి.మీ.ది ఎంచుకుని, పేస్ట్‌ను 0.3కు పలచన చేస్తే 2.4 మి.మీ.కు దిగుతుంది. బొమ్మ అదే, చూపులో తేడా కొద్దిగానే. ప్రయాణంలో మాత్రం చాలా తేడా.

ఇది నేను ఒక కార్డు పాడయ్యాక నేర్చుకున్నాను. రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న పళ్ళచక్రాన్ని కార్డు మధ్యలో అంటించి మామూలు కవరులో పోస్టు చేశాను. అందుకున్న స్నేహితురాలు ఫోటో పంపింది. చక్రం చెక్కుచెదరలేదు. కానీ దాని పళ్ళ అచ్చు కార్డు వెనుక ముఖం దాకా దిగి, లోపల నేను రాసిన వాక్యాల మధ్య గుండ్రటి గుంట పడింది. కవరు మీద ఒకచోట చక్రం పన్ను బయటికి తొంగిచూస్తోంది. అప్పటినుంచి ఒక మిల్లీమీటరు దాటిన చిప్‌బోర్డు ఉన్న కార్డును నేరుగా చేతికి ఇస్తాను, లేదంటే చిన్న పెట్టెలో పెట్టి పంపుతాను. పోస్టు చేసే ముందు మీ తపాలా కార్యాలయంలో మందం హద్దు ఎంతో కనుక్కోండి. బిరుసుగా, ఎగుడుదిగుడుగా ఉన్న కవర్లకు చాలాచోట్ల రేటు వేరుగా ఉంటుంది.

నిలబడే కార్డుకు ఇంకో చిక్కు. బరువంతా ముందు ముఖం పైభాగంలో ఉంటే కార్డు ముందుకు జారుతుంది, లేదా నెమ్మదిగా తెరుచుకుని పడిపోతుంది. బరువైన చిప్‌బోర్డును కింది మూడో వంతులో పెట్టండి. పైభాగంలోనే ఉండాలంటే మడత పైకి వచ్చే కార్డు, అంటే గుడారంలా నిలబడేది, చేసుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవారు ట్యాగుతోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. చేయి తిరగాలంటే తడి పనులు భయం లేకుండా చేయాలి, ట్యాగు ఆ భయం పోగొడుతుంది. కార్డు తప్పకుండా కావాలంటే రెండింటినీ కలిపే దారి ఉంది. కార్డు ముందు ముఖానికి మూడువైపులా అంటించిన జేబు పెట్టి, విడిగా చేసిన ట్యాగును అందులో దూర్చండి. అందుకున్నవారు ట్యాగు తీసి పుస్తకంలో పెట్టుకోవచ్చు, కార్డులో సందేశం చదువుకోవచ్చు. ఇలాంటి ట్యాగులో చిప్‌బోర్డును జేబు బయట ఉండే పైభాగంలోనే అంటించాలి. లేకపోతే తీసి పెట్టినప్పుడల్లా జేబు అంచును గీస్తుంది.

ముడి అట్టా, తెల్ల పూతదా, ముద్రించినదా

దొరికే చిప్‌బోర్డు ముక్కలు స్థూలంగా మూడు రకాలు. ముడి గోధుమ లేదా బూడిద రంగువి, పైన తెల్ల పూత ఉన్నవి, ముందే రంగుల బొమ్మ ముద్రించి వెనుక జిగురుతో వచ్చేవి.

ముద్రించిన వాటి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. కాగితం తీసి అంటించడమే. ఒకే రకం కార్డులు ఇరవై చేయవలసి వచ్చినప్పుడు, పిల్లలతో కలిసి కూర్చున్నప్పుడు వాటిని మించినవి లేవు. అంచు మాత్రం ముడి అట్ట రంగులో బయటపడి ఉంటుంది. ఆ అంచు చుట్టూ గోధుమరంగు ఇంకు ప్యాడ్‌ను ఒకసారి తిప్పితే తెచ్చి పెట్టినట్టు ఉండడం తగ్గుతుంది.

తెల్ల పూత ఉన్నవి ఇంకుతో పనిచేసేవారికి. పూత వల్ల ఇంకు లోపలికి ఇంకిపోదు, రంగు తేటగా నిలుస్తుంది. నీటిరంగు అద్ది, తడి బట్టతో కొంత తుడిచి, వెలుగునీడలు తెప్పించవచ్చు.

నాకు ఇష్టమైనవి ముడివి. రంగు, పేస్ట్, పొడి, మైనం దేన్నైనా పట్టుకుంటాయి. కానీ వాటికి రెండు గుణాలున్నాయి, తెలుసుకుని వాడాలి. ఒకటి, తేమను స్పాంజిలా పీలుస్తాయి. నేరుగా డై ఇంకు (నీటిలో కరిగే రంగుతో చేసినది) అద్దితే ఎర్రది ఇటుక రంగుకు, నీలం బురద రంగుకు తిరుగుతుంది. కింద ఉన్న గోధుమరంగు పైకి చూపుతూనే ఉంటుంది. రెండు, మామూలు అట్టలో ఆమ్లం ఉండవచ్చు. కొన్నేళ్ళలో పక్కనున్న తెల్లకాగితాన్ని, ఫోటోను పసుపెక్కిస్తుంది. దాచుకునే ఆల్బమ్‌లోకి, పాత ఫోటో పక్కకు వెళ్ళే ట్యాగు అయితే ఆమ్లరహితం అని రాసి ఉన్న చిప్‌బోర్డే కొనండి. అది దొరకకపోతే రెండువైపులా, అంచులతో సహా, గెస్సో (రంగుకు ముందు వేసే తెల్లటి అడుగు పూత) పూయండి. పూర్తి రక్షణ అనలేను కానీ నేరుగా తాకడం తప్పుతుంది.

లేజరుతో కోసిన జల్లెడ లాంటి నగిషీ ముక్కలు ఎక్కువగా ముడి అట్టవే. అంచులు కాలి నల్లగా ఉంటాయి, ముట్టుకుంటే మసి అంటుతుంది. తెల్ల కార్డు మీద పెట్టే ముందు పొడి కుంచెతో దులపండి. పలకలోంచి విడదీసేటప్పుడు వేళ్ళతో లాగకండి. ముక్కను పట్టి ఉంచే సన్నని కణుపులను పదునైన కత్తి మొనతో ఒక్కొక్కటీ తెంపండి. లతల లాంటి సన్నటి నమూనా ఒకచోట విరిగితే దిగులు పడవలసిన పని లేదు. అంటించేటప్పుడు రెండు ముక్కలనూ చేర్చి పైన గెస్సో వేస్తే అతుకు కనిపించదు.

ఇంట్లో కోసుకోవాలనుకుంటే సబ్బు పెట్టె, మందుల పెట్టె లాంటి వాటి అట్ట చాలు. అర మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది, కత్తెరకు లొంగుతుంది. రెండు పొరలు అంటించి బరువు కింద ఆరనిస్తే మిల్లీమీటరు మందం వస్తుంది. నిగనిగలాడే ముద్రణ వైపు రంగు నిలవదు కాబట్టి దాన్ని గరుకు కాగితంతో రుద్ది వాడాలి, లేదా ఆ ముఖాన్ని లోపలికి పెట్టి అంటించాలి.

పైపూతల్లో దేన్ని ఎప్పుడు

ఒక నియమం మొదటే చెబుతాను. చిప్‌బోర్డును విడిగా అలంకరించి, పూర్తిగా ఆరాక, ఆఖరున అంటించండి. ముందే అంటించి దాని మీద పని చేస్తే వేడి, తడి, రంగు అన్నీ కింది కాగితానికీ తగులుతాయి. దీనికి ఒకే మినహాయింపు ఉంది, అది తరువాత వస్తుంది.

ఆక్రిలిక్ రంగు అందరికీ మొదటి ఎంపిక. ముక్క అంచులను గోళ్ళ ఆకురాయితోనో, సన్నటి గరుకు కాగితంతోనో ఒకసారి రుద్ది, పలచగా గెస్సో వేయాలి. గెస్సోలో తెల్లరంగు, సుద్ద లాంటి పొడి, ఆక్రిలిక్ జిగురు కలిసి ఉంటాయి. అందుకే ఆరాక చేతికి కొద్దిగా గరుకుగా తగులుతుంది. ఆ గరుకే పై రంగును పట్టి ఉంచుతుంది. కుంచెను కత్తిరింపు సందుల్లోకి పొడవకండి. ఇరికిన గెస్సో ఆరిన తరువాత నగిషీ మొద్దుబారుతుంది. స్పాంజి ముక్కతో తట్టడం మేలు.

పాత లోహం రూపు కావాలంటే ఇదే దారిలో ఇంకో అడుగు. గోధుమరంగు ఆక్రిలిక్‌లో కొద్దిగా వంటసోడా కలపండి. ముద్దగా అయ్యాక పాత కుంచెతో ముక్క మీద అక్కడక్కడ తట్టండి. అది ఆరాక నారింజరంగును పొడి స్పాంజితో ఎత్తులకు మాత్రమే తగిలించండి. తుప్పు పట్టిన ఇనుము అంటే నమ్మేలా ఉంటుంది. గట్టిగా రుద్దితే ఈ పూత పొడిపొడిగా రాలుతుంది కాబట్టి ట్యాగుకే బాగుంటుంది. కార్డు మీద వేస్తే పైన మ్యాట్ వార్నిష్ తప్పనిసరి.

వేడికి కరిగి నున్నటి పూతగా నిలిచే ఎంబాసింగ్ పౌడర్‌ది వేరే అందం. పనిలో ఉన్న ఆనందం కూడా దీనిలోనే ఎక్కువ. నెమ్మదిగా ఆరే పిగ్మెంట్ ఇంకును ముక్క మీద అంతటా తట్టి, వెంటనే పొడిని ధారాళంగా చల్లాలి. మిగిలిన పొడిని కాగితం మీదికి దులిపి డబ్బాలో తిరిగి పోసుకోవచ్చు. ముక్కను పట్టకారుతో పట్టుకోండి, లేకపోతే పొడిని కరిగించడానికి వేడిగాలి ఊదే హీట్ గన్ గాలికి ఎగిరిపోతుంది. మొదట కొన్ని క్షణాలు ఏమీ జరగదు. అట్ట మందంగా ఉంటుంది కాబట్టి కాగితం కంటే ఆలస్యంగా వేడెక్కుతుంది. ఆ తరువాత ఒక మూల తడిసినట్టు మెరుస్తుంది, ఆ మెరుపు అలలా పాకుతూ రెండో చివరకు వెళుతుంది. అది వెళ్ళిన వెంటే గన్ జరుపుతూ పోవాలి. ఒకేచోట ఆగితే కరిగిన పొడి అట్టలోకి ఇంకిపోయి, నూనె మరకలా జిడ్డుగా మిగులుతుంది. ముడి చిప్‌బోర్డు మీద ఒక్క పూతతో ఎప్పుడూ నిండుగా రాదు. వేడిగా ఉండగానే రెండోసారి, మూడోసారి పొడి చల్లి కరిగిస్తే మీనాకారీ చేసినట్టు నున్నగా తయారవుతుంది. ముతక రేణువుల పొడి అయితే, చల్లారాక ముక్కను మెల్లగా వంచితే అందమైన పగుళ్ళు వస్తాయి.

కార్డుకు ఏది నప్పుతుందని అడిగితే ఎంబాసింగ్‌కే నా ఓటు. మందం పెద్దగా పెరగదు, చల్లారగానే పని పూర్తి. ఆక్రిలిక్‌కు ఒక దుర్గుణం ఉంది. పైకి ఆరినట్టే ఉన్నా మెత్తగా ఉండి, ఒత్తిడి పడితే ఎదురుగా ఉన్న మరో ఆక్రిలిక్ పూతకు అతుక్కుపోతుంది. కార్డులను దొంతరగా పెట్టి, పైన పుస్తకం పెట్టి మరునాడు విడదీస్తే ఒకదాని రంగు ఇంకోదానికి ఊడివస్తుంది. ఆక్రిలిక్ పూసిన వాటి మధ్య బేకింగ్ కాగితం పెట్టండి.

చిప్‌బోర్డుకు రంగుల కాగితం అంటించడం పాత పద్ధతే, పెద్ద అక్షరాలకు, హృదయాకారాలకు ఇప్పటికీ చక్కగా పనికివస్తుంది. ముక్క మీద జిగురు పూసి కాగితం మీద బోర్లించి, ఆరాక అంచు వెంట కత్తితో కోసి, గరుకు కాగితాన్ని పైనుంచి కిందికి ఒకే దిశలో లాగితే అంచు కలిసిపోతుంది. సన్నటి నగిషీ ముక్కలతో మాత్రం ఈ పనికి పూనుకోకండి. గంట కోసినా ఒక్క వంపు సరిగా రాదు.

మెరుపు రజను కార్డులకు వాడను. ఎంత అంటించినా రాలుతుంది, కవరు విప్పినవారి బట్టల మీద, నేల మీద రోజుల తరబడి ఉంటుంది. మెరుపే కావాలంటే మైనం ఉంది. మినహాయింపు అన్నది దీని గురించే. లోహపు మెరుపు మైనాన్ని ముక్క అంటించాక, అన్నీ ఆరాక, చిట్టచివర రుద్దాలి. దాని మీద నీటి రంగు గానీ జిగురు గానీ నిలవదు. చూపుడువేలి కొసకు గింజంత తీసుకుని, ముందు చిత్తుకాగితం మీద రుద్ది తగ్గించి, తరువాత ఎత్తుల మీదుగా తాకీ తాకనట్టు పోనివ్వాలి. లోతుల్లో నలుపు అలాగే ఉండి, శిఖరాలు మాత్రమే వెలుగుతాయి. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన తాళంచెవికి, ఇంకా అంటించకపోయినా, మైనం రుద్దిన తీరు ఇదే.

కింద కాగితం, వంకర తిరగడం

మిక్స్‌డ్ మీడియాలో కాగితం వంకర తిరగడం గురించి వచ్చినన్ని ఫిర్యాదులు మరి దేని గురించీ రావు. కారణం సులువే. తడి తగిలిన ముఖంలో కాగితపు పోగులు ఉబ్బుతాయి. పై పూత ఆరి ముడుచుకునేటప్పుడు కాగితాన్ని తనవైపు లాక్కుంటుంది. అవతలి ముఖానికి ఎదురు లాగేది ఏదీ లేదు, అందుకని వంగుతుంది. వెనుకవైపు కూడా అదే గెస్సో ఒక పూత వేయండి, రెండు లాగుడులూ సమానమవుతాయి. ఇంకా మిగిలిన వంకరను బేకింగ్ కాగితం మధ్య పెట్టి రాత్రంతా పుస్తకాల కింద ఉంచితే సరిచేయవచ్చు.

ట్యాగుకు 300 జి.ఎస్.ఎం. నీటిరంగుల కాగితం కోసుకుంటే తడికి తట్టుకుంటుంది. సరుకుల ట్యాగుల పసుపు కాగితం చూడముచ్చటగా ఉంటుంది గానీ పలచన. ముందు గెస్సో వేయకుండా దాని మీద నీళ్ళు పోయకండి.

కార్డు విషయంలో తడి పనిని అసలు కార్డు మీద చేయనే చేయకండి. కార్డు కంటే ప్రతివైపూ 3 మి.మీ. చిన్నగా నీటిరంగుల కాగితంతో ప్యానెల్ కోసి, రంగులు, స్టెన్సిల్, పేస్ట్ అన్నీ దాని మీద పూర్తిచేసి, చదును చేసి, అప్పుడు కార్డుకు అంటించండి. పని చెడితే పోయేది ప్యానెల్ ఒక్కటే. చుట్టూ మిగిలే ఆ 3 మి.మీ. అంచు చట్రంలా కూడా ఉంటుంది.

కార్డు మడత విషయంలో ఒక చిన్న పరీక్ష. కాగితాన్ని మడవకుండా చేతుల్లో మెల్లగా రెండు దిశల్లోనూ వంచి చూడండి. ఒక దిశలో సులువుగా వంగుతుంది. పోగులు ఆ వంపు గీత వెంటే పడుకుని ఉన్నాయన్నమాట. మడత ఆ గీతకు సమాంతరంగా వస్తే పగలదు. అడ్డంగా వస్తే 300 జి.ఎస్.ఎం. కాగితం మడత దగ్గర తెల్లగా చిట్లుతుంది. అందులోనూ ముందు ముఖం చిప్‌బోర్డుతో బరువుగా ఉంటే ఆ చిట్లిన మడత త్వరగా తెగుతుంది.

జిగురు

తెల్లటి పి.వి.ఎ. జిగురు ముడి చిప్‌బోర్డుకు సరిజోడు. అట్ట, కింది కార్డు రెండూ కాగితం కుటుంబమే కాబట్టి పట్టు గట్టిగా ఉంటుంది. పైగా వెంటనే పట్టేయదు కాబట్టి ముక్కను అటూ ఇటూ జరుపుకునే వ్యవధి ఇస్తుంది. నగిషీ ముక్క వెనుక సీసాతో గీత గీసినట్టు పోస్తే పక్కలకు ఉబికి వస్తుంది. అలాంటి వాటికి జిగురును ఒక ప్లాస్టిక్ కాగితం మీద పలచగా పరిచి, ముక్కను దాని మీద అద్ది తీయండి.

లోహపు ముక్కలు, గుండీలు, టెక్స్చర్ పేస్ట్ మీద నిలవవలసిన మందపాటి చిప్‌బోర్డు ఉంటే హెవీ జెల్ మీడియం (చిక్కటి ఆక్రిలిక్ ముద్ద) వాడండి. గుంటల్లో నిండి కింద పరుపులా పట్టుకుంటుంది. ఆరడానికి మాత్రం రాత్రంతా పట్టవచ్చు. వేడి జిగురు గన్‌ను కార్డుకు సిఫారసు చేయను. దాని గడ్డలే ఒక మిల్లీమీటరు మందం, చదునైన నున్నటి చోట్ల చటుక్కున ఊడివస్తుంది. ఎంబాసింగ్ చేసిన ముఖం మీద నీటి జిగురు నిలవదని గుర్తుంచుకుని, వెనుక ముఖాన్ని ముడిగానే వదిలేయండి. పలచటి కార్డుకు రెండువైపులా అంటుకునే టేపు శుభ్రంగా ఉంటుంది. ఒక్కసారి అంటితే జరపలేం కాబట్టి ముందు పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.

మీ పరిస్థితికి ఏది

పోస్టులో వెళ్ళేది, సందేశం ముఖ్యమైనది అయితే మీకు కార్డే కావాలి. 0.8 మి.మీ. లోపు చిప్‌బోర్డు, ఎంబాసింగ్ పూత, టేపు లేదా పలచటి పి.వి.ఎ., ఫోమ్ టేపు లేకుండా చేయండి. చిప్‌బోర్డు అంచు ఏదీ మొనదేలి బయటికి చూడకుండా ప్యానెల్ హద్దుల్లోనే ఉంచండి. కవరులో కార్డు ముందు ఒక పలచటి అట్ట పెట్టండి.

చేతికి ఇచ్చే కానుకకు కట్టేది అయితే 8వ నంబరు ట్యాగు, 1.5 నుంచి 2 మి.మీ. చిప్‌బోర్డు, గెస్సో, పేస్ట్, తుప్పు, మైనం ఏదైనా మీ ఇష్టం. ఇక్కడ పొదుపు చేయకండి. చేతిలోకి తీసుకున్నవారు బొటనవేలితో తడిమి చూసేది ఈ ఎత్తుపల్లాలనే.

దాచుకునే జ్ఞాపకానికి, ఫోటోతో కలిసి ఉండేదానికి ఆమ్లరహిత చిప్‌బోర్డు, ఆమ్లరహిత కాగితం, పిగ్మెంట్ ఇంకు వాడండి. డై ఇంకు వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది.

పిల్లలతో చేస్తే ముద్రించిన చిప్‌బోర్డు, ట్యాగు, రంగు పెన్నులు చాలు. హీట్ గన్ వద్దు. దాని మూతి ఆపేసిన తరువాత కూడా కొంతసేపు చేయి కాలేంత వేడిగా ఉంటుంది.

ఒకేరకం చాలా చేయాలంటే కార్డు, తెల్లపూత చిప్‌బోర్డు, ఇంకు. పేస్ట్ జోలికి వెళ్ళకండి. ఇరవై ప్యానెళ్ళు ఒకేసారి ఆరబెట్టే చోటు చాలామంది ఇళ్ళలో ఉండదు.

ఒక కార్డు మీద ఎన్ని చిప్‌బోర్డు ముక్కలు పెట్టాలని కూడా అడుగుతుంటారు. ఒకటి పెద్దది, దానికి తోడుగా ఒకటో రెండో చిన్నవి. పెద్దదానికి ముదురు పూత వేస్తే చిన్నవాటిని నేపథ్యం రంగులోనే కలిపేయండి. తాళంచెవి, పళ్ళచక్రం, సీతాకోకచిలుక, లత నాలుగూ ఒకే ట్యాగు మీద మెరుస్తూ ఉంటే చూసేవారి కన్ను ఎక్కడా ఆగదు.

చిప్‌బోర్డు పలకలోంచి ముక్కలన్నీ తీసేశాక మిగిలే రంధ్రాల చట్రాన్ని పారేయకండి. దానికి రెండువైపులా గెస్సో వేసి ఆరనిస్తే గట్టి స్టెన్సిల్ అవుతుంది. ట్యాగు మీద పెట్టి టెక్స్చర్ పేస్ట్ పరిస్తే, తాళంచెవి ఆకారమే నేపథ్యంలో ఉబ్బెత్తుగా పడుతుంది. దాని పక్కన అసలు తాళంచెవిని కొంచెం వాలుగా అంటించి చూడండి. చట్రాన్ని పేస్ట్ తడి ఉండగానే కడిగేయాలి. ఎక్కువసేపు నీళ్ళలో నానబెడితే మాత్రం అట్ట పొరలుగా విడిపోతుంది.